థేమ్సు నీటిలోని నత్రజని ఎవరిది?

నీటిలో కరగిన నైట్రేటునకు రంగు లేదు, వాసన లేదు, నదులలో సాధారణముగా నుండు పాళ్లలో రుచియు లేదు. పశువుల కొట్టములోని మూత్రము, పట్టణపు మురుగు, చేనిలో చివికిన ఆకు, కర్మాగారములో గాలినుండి చేసిన ఎరువు, ఉరుములతో కురిసిన వాన - ఇన్ని తావులనుండి బయలుదేరిన నత్రజని నేలలోని సూక్ష్మజీవుల పాలబడి, నదిని చేరునాటికి ఒకే రూపము దాల్చి, తన కులగోత్రములను పూర్తిగా పోగొట్టుకొనును. కావున నదిలో నైట్రేటు ఎంత యున్నదో చెప్పుట రసాయనశాస్త్రజ్ఞునకు ఒక పూట పని. అది ఎవరిదో చెప్పుట తరముల తరబడి సాగిన వ్యాజ్యము. ఆ వ్యాజ్యము మిక్కిలి దీర్ఘకాలము నడచినది ఇంగ్లండు దేశపు థేమ్సు నది యొడ్డున. లండనునకు ఎగువనున్న హాంప్టను వద్ద ఆ నది నీటిలోని నైట్రేటును 1868 మొదలు ఎవరో ఒకరు కొలుచుచునే యున్నారు. ఒక నదీజలపు రసాయన గుణమును గూర్చి ఇంతకు మించిన సుదీర్ఘమైన లెక్క ప్రపంచమున మరెక్కడను లేదని పరిశోధకులు చెప్పుదురు.

ఈ లెక్క పుట్టినది భయమునుండి. 1854 లో లండనును కలరా పట్టి పీడించినది. 1858 వేసవిలో నది కంపునకు పార్లమెంటు సభ్యులు తమ మందిరములో కూర్చుండజాలక పోయిరి. 1866 లో కలరా మరల వచ్చి నగరపు తూర్పు పేటలను తుడిచిపెట్టినది. నీరమ్ము కంపెనీలు టెడింగ్టను లాకునకు ఎగువననే నీరు తోడుకొనవలెనని 1852 నాటి చట్టము శాసించినను, ఎగువన మాత్రము ఆక్స్‌ఫర్డు, రెడింగు, విండ్సరు మొదలైన పట్టణములు లేకపోలేదు, వాని మురుగు నదిలో కలియక పోలేదు. సరిగా ఆ సంధిలో, 1865 లో, లండను నీటిని నెలనెల పరీక్షించి ప్రభుత్వమునకు నివేదించు భారము ఎడ్వర్డు ఫ్రాంక్లండు అను రసాయనశాస్త్రజ్ఞుని మీద పడెను.

ఫ్రాంక్లండు సామాన్యుడు కాడు. పరమాణువుల సంయోజక శక్తిని గూర్చిన భావనకు పునాది వేసినవారిలో నొకడు. కలరా కారకమేదో నాటి శాస్త్రలోకమునకు నిశ్చయముగా తెలియదు గనుక, నీటిలో రోగబీజము ఇప్పుడున్నదా లేదా అని తేల్చుట సాధ్యము కాదని ఆయన ఎరుగును. అందుచేత ఆయన ప్రశ్ననే మార్చినాడు. ఈ నీరు ఇప్పుడు శుభ్రముగా నున్నదా అని కాక, ఇది ఎన్నడైన మురుగై యుండెనా అని అడిగెను. మురుగులోని నత్రజని గాలి సోకి, మట్టి సోకి, కాలక్రమమున నైట్రేటుగా మారును. నీరు తేటపడినను, వాసన పోయినను, ఆ నైట్రేటు మాత్రము గతచరిత్రకు సాక్షిగా నీటిలో మిగిలియుండును. ఈ సాక్ష్యము ఆధారముగా ఆయన కల్పించిన గణనకు పూర్వపు మురుగు కాలుష్యము అని పేరు పెట్టెను.

గణనపద్ధతి చూడ నతి సులభము. లక్ష పాళ్ల నీటిలో నైట్రేటు, నైట్రైటు, అమ్మోనియాల రూపమున నున్న నత్రజని యెంతయో కొలిచి, అందుండి వానతో సహజముగా వచ్చునట్టి 0.032 పాలు తీసివేయవలెను. సగటు లండను మురుగులో లక్షకు 10 పాళ్ల నత్రజని యుండునని ఆయన లెక్క గనుక, మిగిలిన దానిని 10,000 చే గుణించినచో, ఆ నీటి లక్ష పాళ్లలో ఎన్ని పాళ్లు ఒకప్పటి మురుగునకు సమానమో తేలును. ఉదాహరణమునకు 0.332 పాళ్ల నత్రజని గల నీటిలో 3,000 పాళ్ల పూర్వపు మురుగు లెక్కకు వచ్చును. ఈ అంకెలు పత్రికలలో ప్రకటితములైనపుడు, నిన్నటిదాక నిశ్చింతగా త్రాగిన నీటిలో ఇంత మురుగా అని లండను గృహస్థులు ఉలికిపడుటయు, కంపెనీల వాటాదారులు మండిపడుటయు వింత కాదు.

1868 లో నదీ కాలుష్యమును విచారించుటకు రాజాజ్ఞచే నియమితమైన సంఘములో ఫ్రాంక్లండు సభ్యుడయ్యెను. ఆ సంఘమునకు అధ్యక్షుడెవరో తెలిసినచో తెలుగువారికి కొంత కుతూహలము కలుగకమానదు: 1861 నుండి 1866 వరకు చెన్నపట్టణమున గవర్నరుగా నుండి, కృష్ణా గోదావరీ మండలములను సైతము ఏలి, స్వదేశమునకు మరలిన సర్ విలియం డెనిసను. ఇక్కడ కాలువల వెచ్చములను, చెరువుల మరమ్మతులను గూర్చిన కాగితములను చూచి అలవాటుపడిన ఇంజనీరు, అక్కడ మిల్లుల రంగునీళ్లను, పట్టణపు మురుగు కాలువలను తరచి చూచుచు, 1871 జనవరిలో ఆ పని పూర్తికాకమునుపే కాలధర్మము చెందెను. గృహావసరములకు వాడు నీటిని గూర్చిన సంఘపు ఆరవ నివేదిక 1874 లో వెలువడినది. ఫ్రాంక్లండు గణన అందు పుటపుటకును కనబడును.

ప్రతిపక్షము వెంటనే లేచినది. అమ్మోనియా పద్ధతి అను వేరొక పరీక్షను 1867 లో ప్రచారములోనికి తెచ్చిన వాంక్లిను, ఫ్రాంక్లండు పద్ధతినంతటిని ఎగతాళి చేసెను. కంపెనీల పక్షమున పరీక్షించు రసాయనజ్ఞులు ప్రవహించు నది తన్నుతాను శుద్ధి చేసికొనునని వాదించిరి. ఈ కలహములో స్వార్థమెంత, శాస్త్రమెంత అని విడదీయుట కష్టము. కాని ఒక ఆక్షేపణ మాత్రము నిజముగా బరువైనది. ఇంగ్లండు దక్షిణ భాగమున సుద్దరాతి పొరలలోతునుండి ఊరు నూతులనీరు, ఏ పట్టణపు మురుగును ఎన్నడును తాకనట్టిదై, సూక్ష్మదర్శినిలో ఏ మాలిన్యమును చూపనట్టిదై యుండియు, ఫ్రాంక్లండు గణనలో మాత్రము ఘోరమైన పూర్వపాపము గలదిగా తేలుచుండెను. లోతైన నూతులకు ఆయన కొంత సడలింపు ఇచ్చెనే కాని, ఆ నత్రజని ఎక్కడిదను ప్రశ్నకు సూటియైన సమాధానము చెప్పలేదు. నాకు తోచినంతవరకు ఆయన కూడికలలో తప్పు లేదు, తీసివేతలో నున్నది. వానది పోగా మిగిలినదంతయు జంతువుల మలినమే యను నిశ్చయము, కొలతలోనుండి వచ్చినది కాదు, కలరా చూచిన తరము గుండెలోనుండి వచ్చినది. ఎవరి వాటాను సహజమని ముందుగా పక్కన బెట్టుదుమో, దానినిబట్టియే దోషి యెవడో నిర్ణయమగును. తరువాతి నూరేండ్ల విచారణలో ఈ సంగతి పదేపదే ఎదురగును.

మురుగు నైట్రేటుగా ఎట్లు మారునో కూడ అప్పటికి ఎవరికిని స్పష్టముగా తెలియదు. పాడుపడిన గోడల మట్టిలో, పశువులు కట్టిన నేలలో సూరేకారము పుట్టునని, ఆ మట్టిని గీకి, నానబెట్టి, వండి తుపాకిమందునకు ఉప్పు తీయువారు యూరపులోను మన దేశములోను చిరకాలముగా ఎరుగుదురు. కాని కారణము గాలిలోని ఆమ్లజని అని మాత్రమే పండితుల ఊహ. 1877 లో పారిసు నగరమున ష్లోసింగు, మ్యూంట్సు అను ఇరువురు, ఇసుకయు సున్నపురాతి పొడియు నింపిన గొట్టముగుండ మురుగునీటిని మెల్లమెల్లగా దిగవిడిచిరి. ఇరువది దినములు అమ్మోనియా అమ్మోనియాగానే క్రిందికి దిగెను. ఆ పిమ్మట నైట్రేటు కనబడనారంభించి, క్రమముగా అమ్మోనియా అంతయు నైట్రేటే అయ్యెను. కేవల రసాయన చర్యయే అయినచో మొదటి దినముననే ఏల మొదలు కారాదు? వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగా నైట్రేటు పుట్టుట ఆగిపోయినది. ఊపిరి గల జీవులు చేయు పని గనుకనే అది మత్తునకు లొంగినదని వారు నిర్ణయించిరి. ఆ జీవులను వేరుచేసి చూపుట 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీకి సాధ్యమైనది. దీనితో ఒక విషయము తేటతెల్లమైనది: మట్టి యున్న ప్రతిచోట నైట్రేటు వండు పొయ్యి యొకటి రేయింబవళ్లు మండుచునే యున్నది. దానికి కట్టెలు మురుగే కానక్కరలేదు.

ఈ మాటకు సాక్ష్యము లండనునకు ఉత్తరమున రోథంస్టెడు క్షేత్రములో అప్పటికే కుప్పలుగా పడియుండెను. జాను లాస్, హెన్రీ గిల్బర్టు 1843 మొదలుకొని అచ్చట ఒకే చేనిలో ఏటేట గోధుమ వేయుచు, ఒక్కొక్క మడికి ఒక్కొక్క విధమైన ఎరువు పెట్టుచుండిరి. ఆ మళ్ల క్రింద 1849 లో మురుగు పోవుటకు మట్టిగొట్టములు పాతించియుండుటచే, 1866 లో వాని మొనలు తెరచి, ఏ మడి క్రిందినుండి ఏ నీరు వచ్చుచున్నదో పట్టి చూచుటకు వీలు కలిగెను. ఆ నీటిని పరీక్షించినవారిలో వోల్కరు ఒకడు. రెండవవాడు మన ఫ్రాంక్లండే. అమ్మోనియా లవణములను ఎక్కువగా చల్లిన మడి క్రింద నైట్రేటు ఎక్కువగాను, ఏమియు చల్లని మడి క్రింద తక్కువగాను తేలినది. నది మురుగును వెదకిన కన్నులే చేని మురుగును కూడ చూచినవి. రెంటిని ముడిపెట్టు తీరిక నాటి ప్రజారోగ్య వివాదములలో ఆయనకు దొరకినట్లు లేదు.

అంతకంటె విచిత్రమైనది 1870 లో కట్టిన మరొక ఏర్పాటు. ఎకరములో వేయవవంతు వైశాల్యము గల మూడు మట్టిదిమ్మెలను, ఇరువది, నలువది, అరువది అంగుళముల లోతున, కదలకుండ నేలలోనే ఉంచి, చుట్టును గోడ కట్టి, క్రిందికి దిగిన ప్రతి చుక్కను పట్టు విధముగా అమర్చిరి. వానిపై పైరు వేయలేదు, ఎరువు వేయలేదు, కలుపు సైతము మొలవనీయలేదు. 1877 నుండి ఆ నీటిలోని నైట్రేటును వారింగ్టను కొలువగా, బొత్తిగా ఏమియు పెట్టని ఆ నేల మొదటి సంవత్సరములలో ఏటేట హెక్టారునకు నలువది కిలోలకు పైబడిన నత్రజనిని నీటికి ధారపోయుచుండెను. ఆ లెక్కలనే 1988 లో అడిస్కాటు మరల పరిశీలించి, ఆ స్రావము సగమునకు తగ్గుటకు సుమారు 41 సంవత్సరములు పట్టునని తేల్చెను. అనగా దున్నిన నేల తాతల నాటి గత్తమును మనుమల నాటి వానకు కరగించి ఇచ్చుచుండును. మురుగు, ఎరువు అను ఇద్దరు ముద్దాయిల ప్రక్కన మూడవదిగా నేల వచ్చి నిలిచినది. దానితో, నత్రజని ఎక్కడిది అను ప్రశ్నకు ఎప్పటిది అను ప్రశ్న తోడైనది.

ఇరువదవ శతాబ్ది రాగానే ఈ చర్చ చల్లారినది. రోగమునకు కారణము బాక్టీరియా యని తెలిసిన పిదప వానినే లెక్కపెట్టు పద్ధతి వచ్చెను. 1916 లో థేమ్సు నీటిలో క్లోరిను కలుపుట ఆరంభమయ్యెను. నైట్రేటు అంకెను పట్టించుకొను అగత్యము ఎవరికిని లేకపోయెను. అయినను నీటి పరీక్షాలయములలో దానిని కొలుచుట మానలేదు. అర్థము పోయిన ఆచారమును విడువక పాటించిన ఆ అనామక ఉద్యోగుల నిష్ఠకు మనము చేయెత్తి నమస్కరింపవలెను. వారు మానియున్నచో తరువాత చెప్పబోవు కథ ఎవరికిని తెలిసియుండదు.

1868 నుండి 1939 వరకు హాంప్టను వద్ద నైట్రేటు, అందలి నత్రజనిగా లెక్కించినచో, లీటరునకు రెండు మిల్లీగ్రాముల దరిదాపున మెదలుచుండెను. ఆ డెబ్బది ఏండ్లలో లండను పరిసరముల జనము పెరిగినది, మురుగు శుద్ధి పద్ధతులు మారినవి, ఎరువుల వర్తకము వృద్ధిపొందినది. నది మాత్రము పెద్దగా చలింపలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ అంకె దాదాపు రెట్టింపయ్యెను. యుద్ధసమయమున జనము హఠాత్తుగా రెట్టింపు కాలేదు. మరి ఇది ఎవరిది? సముద్రముపై శత్రువు జలాంతర్గాములు ధాన్యపు ఓడలను ముంచుచుండగా, ప్రభుత్వము తిండిగింజలు పండించుటకై పచ్చిక బయళ్లను దున్నించెను. 1939 మే నెలలోనే ఎకరమునకు 2 పౌండ్ల చొప్పున దున్నుడు బహుమానము ప్రకటింపబడెను. యుద్ధము ముగియునప్పటికి బ్రిటనులో సుమారు 60 లక్షల ఎకరముల పచ్చిక నాగలి క్రిందికి వచ్చెను. తరతరములుగా కదలించని పచ్చిక వేళ్లలోను, దాని క్రింది నల్లమట్టిలోను హెక్టారునకు కొన్ని టన్నుల నత్రజని పోగుపడి యుండును. నాగలి దానిని తిరుగవేసి గాలి తగిలించినంతనే ష్లోసింగు చూపిన ఆ సూక్ష్మజీవులు పనికి పూనుకొనును. పాత పచ్చికను దున్నినచో ఇరువది సంవత్సరములలో హెక్టారునకు నాలుగు టన్నుల వరకు నత్రజని బయటపడవచ్చుననియు, అందు సగము తొలి అయిదేండ్లలోనే పోవుననియు 1992 లో రోథంస్టెడు పరిశోధకులు అంచనా కట్టిరి. రొట్టెకోసము దున్నిన దుక్కి నదిలో లిఖితమైనది. కాని ఆ లిపిని చదివినవారు నాడు లేరు.

శాంతికాలము వచ్చినను నది మునుపటి స్థితికి తిరుగలేదు. హేబరు కనుగొనగా 1913 లో ఒప్పౌ కర్మాగారమున మొదలైన విద్య, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చునది, యుద్ధానంతరము చవకయై పొలములకు దిగెను. 1970 ప్రాంతమున హాంప్టను అంకె మరొక మెట్టెక్కి, లీటరునకు ఏడు మిల్లీగ్రాముల దరిదాపునకు చేరెను. 1976 నాటి అనావృష్టి తీరి శరత్కాలపు వానలు కురియగనే, ఎండిన నేలలో నిలిచిపోయిన నైట్రేటు ఒక్కుమ్మడిగా నదులకు దిగి, నీటి సరఫరా అధికారులకు కంటిమీద కునుకు లేకుండ చేసెను.

సుద్దకొండల వింత బయటపడినది కూడ ఆ కాలముననే. 1961, 62 లలో జరిగిన హైడ్రోజను బాంబు పరీక్షల వలన వానలో ట్రిటియము అను రేడియోధార్మిక హైడ్రోజను 1963 లో గరిష్ఠమునకు చేరినది. 1968 లో బెర్క్‌షైరు గుట్టలపై సుద్దను తొలిచి, అందలి తేమను పరీక్షింపగా, ఆ 1963 నాటి వాన ఇంకను నాలుగు మీటర్ల లోతుననే యుండెను. నీరు ఏటికి ఇంచుమించు ఒక మీటరే దిగుచున్నదన్న మాట. నీటిమట్టము కొన్ని పదుల మీటర్ల క్రిందనున్నచోట, ఒక రైతు నేడు చల్లిన ఎరువులో కొంత అతని కొడుకు ముసలివాడగునాటికి గాని ఊటకు చేరదు. ఫ్రాంక్లండును తికమకపెట్టిన సుద్దనూతుల నైట్రేటులో ఒక పాలైన ఇట్లు దిగివచ్చిన పూర్వకాలపు సేద్యపు జాడయే కావచ్చునని ఊహించుట అసంగతము కాదు.

అంకెల తీసివేతను విడిచి, నత్రజని పరమాణువునే సాక్షిగా పిలువవచ్చునను ఆశ అమెరికాలో పుట్టినది. నత్రజని పరమాణువులలో అత్యధిక భాగము 14 బరువు గలవి. వేయింటికి సుమారు నాలుగు మాత్రము 15 బరువు గలవి. గాలినుండి చేసిన ఎరువులో ఈ నిష్పత్తి ఇంచుమించు గాలిలోని నిష్పత్తియే. నేలలో పలుమారులు మారి వచ్చిన నైట్రేటులోను, అమ్మోనియాగా కొంత ఎగిరిపోయిన పెంటలోను బరువైన పరమాణువు పాలు కొంచెము ఎక్కువ. సెయింట్ లూయిస్ లోని వాషింగ్టను విశ్వవిద్యాలయమునకు చెందిన కోల్, షియరర్, బారీ కామనర్, మొక్కజొన్న సీమలోని శాంగమను నదిని, డికేటరు పట్టణమునకు త్రాగునీరిచ్చు సరస్సును ఈ దృష్టితో పరీక్షించి, 1970 వసంతమున అచ్చటి నైట్రేటులో నూటికి 55 పాళ్లకు తక్కువ కాకుండ ఎరువునుండి వచ్చినదేనని 1971 లో ప్రకటించిరి. మరుసటి ఏడే పలువురు భూసార శాస్త్రజ్ఞులు కూడి ఆ పద్ధతిని ఆక్షేపించిరి: నేల ఒక్కొక్కచోట ఒక్కొక్క నిష్పత్తి గలది, నైట్రేటును మరల వాయువుగా విడదీయు సూక్ష్మజీవులు తేలిక పరమాణువును ముందుగా ఎన్నుకొని, మిగిలినదానిని బరువెక్కించును, చల్లిన ఎరువు కొంత నేల సారములో లీనమై, కొన్నేండ్ల పిదప నేల ముద్రతోనే వెలువడును. పద్ధతిని గూర్చి ఆక్షేపకులే ఎక్కువ సత్యము చెప్పిరని నా యభిప్రాయము. అయినను ఎరువు లేకున్న ఆ నది అట్లుండెడిదని నిరూపించుట వారికిని సాధ్యము కాలేదు. తరువాత నైట్రేటులోని ఆమ్లజని ఐసోటోపులను కూడ కలిపి చూచు పద్ధతి వచ్చి, వాననుండి నేరుగా వచ్చిన నైట్రేటును వేరుచేయుట సులభమయ్యెను. మనుష్యుల మురుగును పశువుల పెంటను విడదీయుట మాత్రము ఇప్పటికిని పరమాణువుల వలన అంత తేలిక కాదు.

శాస్త్రము తేల్చలేనిదానిని చట్టము తేల్చవలసి వచ్చెను. త్రాగునీటిలో, నత్రజనిగా కాక నైట్రేటుగానే లెక్కించి, లీటరునకు 50 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని పరిమితి పెట్టిన యూరపు, 1991 లో సేద్యపు నైట్రేటును గూర్చి ప్రత్యేకాజ్ఞ జారీ చేసెను. అంతకు ఒక యేడు ముందుగానే ఇంగ్లండు ప్రభుత్వము పది ప్రాంతములలో దుక్కి నేలను మరల పచ్చికగా మార్చు రైతులకు డబ్బు ఇచ్చుట మొదలుపెట్టినది. ఏబది ఏండ్ల క్రిందట పచ్చికను దున్నినందుకు డబ్బు ఇచ్చినదియు ఆ ప్రభుత్వమే. వేవ్నీ, బ్లాక్‌వాటరు, చెల్మరు నదుల పరీవాహములను సున్నిత మండలములుగా ప్రకటింపగా, ఆ నైట్రేటులో పట్టణపు మురుగు వాటా ఎంతయో ముందు తేల్చి, కేవలము సేద్యము వలననే పరిమితి మీరినదని రుజువు చేసినగాని తమపై ఆంక్షలు చెల్లవని అచ్చటి రైతులు కొందరు వ్యాజ్యము వేసిరి. 1999 ఏప్రిలులో యూరపు న్యాయస్థానము, సేద్యము వాటా గణనీయమైనచో చాలుననియు, వాటాలను తూచి చూపుట అవసరము కాదనియు, అయితే ఇతరుల కాలుష్యభారమును రైతులపై మోపరాదనియు తీర్పు చెప్పెను. తూచకుండ ఎవరి భారము ఎంతయో తెలియుట ఎట్లో న్యాయమూర్తులు వివరింపలేదు. 1996 లో ఇంగ్లండు నేలలో నూటికి 8 వంతులుగా నున్న ఆ మండలములు 2002 లో నూటికి 55 వంతులకు విస్తరించినవి. పెంట ద్వారా హెక్టారునకు ఏటికి 170 కిలోల నత్రజనికి మించరాదను నియమము వచ్చినది. బ్రిటనులో ఎరువుల వాడకము 1980 ల నడుమనుండియే తగ్గుచున్నను, హాంప్టను అంకె దానికి తగినట్లు దిగిరాలేదు. దుక్కి విస్తరించిన కాలమునను, ఎరువు ముమ్మరమైన కాలమునను ఇంకిన నైట్రేటు సుద్దపొరలలో ఇంకను క్రిందికి దిగుచునే యున్నది.